నలుపు తెలుపు తెలుగు సినిమాలు: రంగులద్దినవి చూడాలా, అసలువా? ముఖాలు లావుగా, గొంతులు సన్నగా ఎందుకుంటున్నాయి?

కొత్తప్రేక్షకుడు:

సెలవు రోజుల్లో కాలక్షేపానికి సినిమా చూసే మామూలు ప్రేక్షకుణ్ణి. ఈమధ్య మిస్సమ్మ, గుండమ్మ కథ, మాయాబజార్, దేవదాసు, మల్లీశ్వరి వరసగా చూశాను. కొన్ని యూట్యూబ్‌లో, కొన్ని పాత డీవీడీల్లో, 43 అంగుళాల టీవీ మీద. అనిపించింది ఉన్నదున్నట్టు రాస్తున్నా.

మిస్సమ్మ అద్భుతం, ఇవాళ్టి సినిమాలాగే పరుగెత్తింది. గుండమ్మ కథలో సూర్యకాంతం గారు తెరమీద ఉంటే చూపు పక్కకి పోదు. మాయాబజార్ రంగుల్లోనే బాగుందనిపించింది, నలుపు తెలుపు కాపీ బూడిద పూసినట్టుంది. దేవదాసు రెండో సగమంతా చీకటి, నాగేశ్వరరావు గారి ముఖం సగం కనపడలేదు. మల్లీశ్వరి పాటలు గొప్పవే కానీ కథ నెమ్మది. ఇంకో సంగతి: చాలా సినిమాల్లో మనుషులు పొట్టిగా, లావుగా కనిపిస్తున్నారు. ఒక డీవీడీలో ఘంటసాల గారి గొంతు రేడియోలో వినే గొంతుకంటే సన్నగా ఉంది. ఇవన్నీ ఆ సినిమాల లోపాలా, నా టీవీ లోపాలా? రంగులద్దిన వెర్షన్ చూస్తే తప్పేమైనా ఉందా?

రీలుపెట్టె:

మీరు రాసినవాటిలో సగం సినిమాకి సంబంధించినవి కావండి. కాపీలో, టీవీ సెట్టింగుల్లో ఉన్న తప్పులు. ముందు అవి సరిచేసుకుని చూడండి, దేవదాసు మీద మీ అభిప్రాయం మారే అవకాశం చాలా ఉంది.

మొదట బొమ్మ ఆకారం. మీరు చూసిన అయిదు సినిమాల్లోనూ ఎత్తు 1 అయితే వెడల్పు 1.37. మీ టీవీ వెడల్పు 1.78. అంటే 43 అంగుళాల తెరమీద బొమ్మ నిజానికి 73 సెంటీమీటర్ల వెడల్పే ఉండాలి, రెండు పక్కలా 11 సెంటీమీటర్ల చొప్పున నల్ల పట్టీలు మిగలాలి. ఆ పట్టీలు ఉంటేనే బొమ్మ సరిగ్గా ఉన్నట్టు. అవి నచ్చక కొందరు బొమ్మను అడ్డంగా సాగదీస్తారు, మనిషి 30 శాతం లావెక్కుతాడు. ఇంకొందరు జూమ్ చేస్తారు, అప్పుడు పైనా కిందా కలిపి 23 శాతం బొమ్మ తెర బయటికి పోతుంది. నాట్యం ఉన్న పాటలో పాదాలు కనపడవు, దగ్గర షాట్‌లో నుదురు తెగిపోతుంది.

సాగిందో లేదో తేల్చడానికి గుండ్రటి వస్తువు ఒకటి చాలు. ఎదురుగా కనిపించే బండి చక్రమో, గోడ గడియారమో, నిండు చంద్రుడో వచ్చినప్పుడు ఆపి స్కేలుతో కొలవండి. ఎత్తూ వెడల్పూ సమానంగా ఉండాలి. తేడా ఉంటే ముందు టీవీలో పిక్చర్ సైజు చూడండి. అక్కడ సరిగ్గానే ఉంటే సాగింది కాపీలోనే. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్ ఉంటే 'ఏ' కీ నొక్కుతూ పోతే 1.37కి దాదాపు సమానమైన 4:3 వస్తుంది, బొమ్మ మామూలు ఆకారానికొస్తుంది. కానీ జూమ్ చేసి ఎక్కించిన కాపీని ఎవరూ బాగుచేయలేరు, కోసేసిన భాగం అందులో లేదు కాబట్టి. వేరే కాపీ వెతుక్కోవడమే.

తర్వాత టీవీ. పిక్చర్ మోడ్ వివిడ్‌లో ఉంటే సినిమా లేదా ఫిల్మ్‌మేకర్ మోడ్‌కి మార్చండి. షార్ప్‌నెస్ సున్నాకి, లేదా దాని దగ్గరికి దించండి. ఎక్కువ పెడితే మనుషుల అంచుల చుట్టూ తెల్ల గీత వస్తుంది, ఫిల్ములోని గ్రెయిన్, అంటే సన్నని రేణువుల ఆకృతి, ఇసుక జల్లినట్టు తయారవుతుంది. నాయిస్ రిడక్షన్ తీసేయండి, అది గ్రెయిన్‌తో పాటు చర్మం మీది గీతల్నీ చెరిపేసి ముఖాన్ని మైనపు బొమ్మ చేస్తుంది. కదలికని నునుపు చేసే సెట్టింగు కూడా ఆపండి. శాంసంగ్‌లో ఆటో మోషన్ ప్లస్, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అని ఉంటుంది. సెకనుకి 24 ఫ్రేములతో తీసిన సినిమాకి అది లేని ఫ్రేములు పుట్టించి సీరియల్ రూపు తెస్తుంది. కలర్ టెంపరేచర్ వార్మ్‌లో పెట్టండి, లేకపోతే తెలుపు నీలంగా మారుతుంది. బొమ్మలో పచ్చటి ఛాయో ఊదా ఛాయో కనిపిస్తే కలర్ స్థాయిని సున్నా చేసేయండి, శుద్ధమైన బూడిద రంగు మిగులుతుంది.

దేవదాసు చీకటికి రెండు కారణాలు. ఒకటి కాపీ. అసలు నెగటివ్ నుంచి మాస్టర్, దాన్నుంచి డూప్ నెగటివ్ (నకలు నెగటివ్), దాన్నుంచి ప్రింటు... ఒక్కో మెట్టు దిగుతున్నకొద్దీ కాంట్రాస్ట్ పెరిగి నీడల్లోని వివరం పోతుంది. పైగా థియేటర్ ప్రొజెక్టర్ కోసం తీసిన ప్రింటుకి సహజంగానే కాంట్రాస్ట్ ఎక్కువ. దాన్నే వీడియోగా మార్చేస్తే నీడలు తారులా అంటుకుంటాయి. రెండోది మీ ఇంట్లో కేబుల్. ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐలో చూస్తుంటే రెండు వైపులా బ్లాక్ లెవెల్ (ఎంత ముదురుని నలుపుగా లెక్కించాలన్న సెట్టింగు) ఒకటే ఉండాలి. ల్యాప్‌టాప్ ఫుల్‌లో ఉండి టీవీ లిమిటెడ్‌లో ఉంటే నలుపు ముద్దవుతుంది. దానికి తిరగేసి ఉంటే బొమ్మంతా పలచబడి బూడిద పూసినట్టుంటుంది, మీ మాయాబజార్‌కి ఇదే జరిగి ఉండొచ్చు. సరిపోయిందో లేదో ఇలా చూడండి: నల్లటి జుట్టులో పాయలు విడివిడిగా కనపడాలి, అదే షాట్‌లో తెల్ల పంచె మడతలూ కనపడాలి. జుట్టు కనపడి మడతలు పోతే కాంట్రాస్ట్ తగ్గించండి. మడతలు ఉండి జుట్టు ముద్దగా ఉంటే బ్రైట్‌నెస్ రెండు మూడు అంకెలు పెంచండి.

వెన్నెలదీపం:

రీలుపెట్టె గారు యంత్రం సంగతి చెప్పారు, నేను వెలుగు సంగతి చెబుతాను.

నలుపు తెలుపు ఫిల్ముకి ఎరుపు, ఆకుపచ్చ అని తెలియదు. ఎంత వెలుగు పడింది అన్నదే తెలుసు. ఒకే వెలుగున్న ఎర్రచీర, పచ్చ తలుపు తెరమీద ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. అందుకే చీర రంగు ఎంచేటప్పుడు అది ఎంత ముదురు బూడిదగా పడుతుంది, వెనక గోడ నుంచి విడిగా కనపడుతుందా అన్నదే లెక్క. తెల్లబట్టలు మరీ మెరిసి చుట్టూ కాంతి చెదరకుండా లేత రంగులో ముంచి వాడటం మామూలే. మనిషి వెనక నుంచి భుజాల మీద, జుట్టు అంచున పడే వెలుగుని బ్యాక్‌లైట్ అంటారు. రంగు లేనప్పుడు మనిషిని గోడనుంచి వేరుచేసే ముఖ్యమైన సాధనం అదే. మిస్సమ్మలో సావిత్రి దగ్గర షాట్ ఏదైనా ఆపి చూడండి. జడ అంచున సన్నని వెలుగు గీత, బుగ్గ మీద వెలుగు నుంచి నీడకి మెత్తగా జారే బూడిద రంగు కనిపిస్తాయి. ఆ జారుడులోనే ముఖానికి గుండ్రదనం వస్తుంది. రంగులద్దినప్పుడు మొదట దెబ్బతినేది అదే. బుగ్గంతా ఒకే గోధుమ రంగై చదునవుతుంది.

మాయాబజార్ 1957 మార్చి 27న వచ్చింది. కె.వి. రెడ్డి దర్శకుడు, మార్కస్ బార్ట్‌లే కెమెరా, గోఖలే, కళాధర్ కళాదర్శకులు. రంగుల వెర్షన్ 2010 జనవరి 30న విడుదలైంది, శబ్దాన్ని డీటీఎస్ అనే బహుళ ట్రాకుల పద్ధతిలోకి, బొమ్మని సినిమాస్కోప్ అనే బాగా వెడల్పు తెర కొలతకి మార్చారు. పనిచేసినవాళ్లు శ్రద్ధగానే చేశారు, పిల్లల్ని ఈ సినిమాకి దగ్గర చేసిన ఘనత దానికుంది, ఆ మాట కాదనను. చూడటం తప్పూ కాదు. కానీ మొదటిసారి చూసేది మాత్రం అసలుదే కావాలి. 1.37 వెడల్పుతో కూర్చిన ఏ బొమ్మనైనా 2.35 స్కోప్ తెరనిండా పరిస్తే ఎత్తులో 40 శాతం పైగా పోతుంది. శశిరేఖ, అభిమన్యుల పడవ పాటలో ఆ వెన్నెలంతా బార్ట్‌లే దీపాలతో, ఎక్స్‌పోజర్‌తో కట్టిన భ్రమ. నీళ్ల మీద మెరుపు తెల్లగా, ఆకాశం నల్లగా, మధ్యలో మనుషులు వెండి రంగులో ఉంటారు. దానికి నీలం పూస్తే వెన్నెల కాస్తా నీలం బల్బైపోతుంది.

ట్రిక్ షాట్ల గురించి కూడా రాస్తాను, ఎలా తీస్తారో తెలిస్తే చూసే కన్ను మారుతుంది. మనిషి ఉన్నట్టుండి మాయం కావడం తేలిక: కెమెరా ఆపుతారు, మిగతా నటులు కదలకుండా బిగుసుకుంటారు, ఒకరు తప్పుకుంటారు, మళ్లీ తిప్పుతారు. తప్పు ఎక్కడ దొరుకుతుందంటే, మిగిలినవాళ్ల చెయ్యో తలో ఒక్క అంగుళం ఎగురుతుంది. ఒకే నటుడు ఇద్దరుగా కనపడాలంటే మాస్క్ షాట్. కెమెరాని బిగించి, లెన్సు ముందు నల్ల అట్టతో సగం మూసి ఒక పాత్ర తీస్తారు. ఫిల్ముని సరిగ్గా మొదలుపెట్టిన ఫ్రేముకి వెనక్కి చుట్టి, అట్టని రెండో సగానికి మార్చి, అదే ఫిల్ము మీద ఇంకో పాత్ర తీస్తారు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా మధ్య గీత వణుకుతుంది. నటుడి చెయ్యి గీత దాటితే మణికట్టు దగ్గర తెగిపోతుంది. రెండో విడతలో దీపం వెలుగు తగ్గితే తెర నిలువునా రెండు ఛాయలవుతుంది. అందుకే ఆ గీతని స్తంభం అంచుకో తలుపు చట్రానికో సరిపెడతారు. 1964 నాటి రాముడు భీముడులో ఇద్దరు రామారావులు ఒకే షాట్‌లో ఉన్నప్పుడు మధ్యలో ఏముందో గమనించండి.

మాయాబజార్‌లో ద్వారక దూరపు దృశ్యం 50 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు స్థలంలో కట్టిన చిన్న నమూనా. రంగు లేకపోవడం దానికి ఎంత మేలు చేసిందో! బొమ్మ ఇల్లు బొమ్మ ఇల్లని పట్టిచ్చేది చాలావరకు రంగే.

శ్రుతిపెట్టె:

గొంతు సన్నగా ఉండటం గురించి ఎవరూ చెప్పలేదు. అది మీ చెవి తప్పు కాదు, మీరు సరిగ్గా పట్టుకున్నారు.

సినిమా సెకనుకి 24 ఫ్రేములు. మన దేశపు టీవీ పద్ధతి 25. పాత డీవీడీలు, వీసీడీలు, టీవీ నుంచి రికార్డు చేసిన కాపీలు చాలావాటిలో ఫిల్ముని సెకనుకి 25 చొప్పున తిప్పేశారు. వేగం 4 శాతం పెరుగుతుంది. శ్రుతి కూడా పైకి పోతుంది, హార్మోనియంలో ఒక మెట్టునుంచి పక్క మెట్టుకి ఉన్న దూరంలో 70 శాతం. 184 నిమిషాల మాయాబజార్ 177 నిమిషాల్లోపే అయిపోతుంది. అయితే నిడివి తక్కువ ఉన్నంత మాత్రాన వేగం పెరిగిందనుకోకండి, సీన్లు కోసినా నిడివి తగ్గుతుంది. తేల్చాలంటే ఒక పాట తీసుకోండి. సరైన కాపీలో 4 నిమిషాల పాట వేగం పెరిగినదాంట్లో 3 నిమిషాల 50 సెకన్లుంటుంది. గ్రామఫోను రికార్డుతో మాత్రం పోల్చొద్దు. రికార్డు పక్కకి సరిపడేలా చరణమో వాద్య భాగమో తగ్గించి ఉండొచ్చు. సినిమా కాపీని సినిమా కాపీతోనే పోల్చాలి.

సరిచేయడం: యూట్యూబ్‌లో వేగం 0.95 పెడితే నడక దాదాపు సరిపోతుంది కానీ గొంతు మారదు, వేగం మార్చినా శ్రుతి మారకుండా అది చూసుకుంటుంది. వీఎల్‌సీలో అయితే ఆడియో సెట్టింగుల్లో టైమ్ స్ట్రెచింగ్ అన్న గడిలో టిక్కు తీసేసి, వేగం 0.96కి దించండి. అప్పుడు నడకా గొంతూ రెండూ కిందికి దిగుతాయి. ఘంటసాల గారి గొంతులోని ఆ బరువు తిరిగొచ్చేస్తుంది, మొదటి పల్లవిలోనే తెలుస్తుంది. మనుషులు కదిలినప్పుడు అంచుల్లో దువ్వెన పళ్లలా గీతలొస్తే అదే వీఎల్‌సీలో 'డి' నొక్కండి.

ఇంకొకటి. ఈ సినిమాల శబ్దం ఒకే ట్రాక్, మోనో. టీవీలో సరౌండ్, బేస్ బూస్ట్ లాంటివి ఆపేయండి. ఫిల్ము అంచున ముద్రించిన శబ్దపు పట్టీలో (ఆప్టికల్ ట్రాక్‌లో) బాగా పైస్థాయి శబ్దాలు ఎటూ లేవు, ట్రెబుల్ పెంచితే వచ్చేది గరగరే. ట్రెబుల్ కొంచెం తగ్గిస్తే మాట తేటగా వినపడుతుంది. గరగర అస్సలు లేని కాపీ మంచిదనుకోకండి. యంత్రంతో అతిగా శుభ్రం చేస్తే 'స', 'శ', 'ష' అక్షరాల పదును పోయి నీళ్లలోంచి మాట్లాడినట్టుంటుంది. మాయాబజార్ రచయిత పింగళి మాటలకి అక్షరం స్పష్టంగా పడకపోతే ఇంకేం మిగిలింది?

కొత్తప్రేక్షకుడు:

అందరికీ ధన్యవాదాలండి. గుండమ్మ కథ కాపీలో ఎదురుగా కనిపించిన ఒక గుండ్రటి పళ్లెం కొలిచాను: ఎత్తు 13 సెంటీమీటర్లు, వెడల్పు 17. టీవీలో పిక్చర్ సైజు 'ఫుల్'లో ఉంది, 4:3కి మార్చగానే సరిపోయింది. డీవీడీ వేగం తగ్గించాక గొంతూ సరిపోయింది. దేవదాసు ఇంకో కాపీ వెతుకుతాను. ఇక మిగిలింది మల్లీశ్వరి. అది నెమ్మదిగా ఉండటం కూడా కాపీ తప్పేనా? దాని తర్వాత ఏవి చూడమంటారు?

నేలటికెట్టు:

మల్లీశ్వరి నెమ్మదిగానే ఉంటుందండి. బి.ఎన్. రెడ్డి కావాలనే అలా నడిపించారు, అందులో కాపీ తప్పేం లేదు. కానీ ఆ నెమ్మదితనం ఊరికే పోదు. వర్షం రాత్రి పాడుబడ్డ మండపం సీను మళ్లీ ఒకసారి చూడండి. మారువేషంలో వచ్చిన రాయలవారి ముందు నాయిక మల్లి ఆడిపాడుతుంది, మల్లికి రాణివాసం పల్లకీ పంపించమని ఆమె బావ నాగరాజు సరదాగా అడుగుతాడు. ఆ సీను తీరిగ్గా నడుస్తుంది, నవ్వుకుంటూ దాటేస్తాం. ఆ పల్లకీ నిజంగా ఇంటి ముందుకొచ్చి ఆగినప్పుడు సినిమా మొత్తం ఆ ఒక్క మాట మీద తిరిగిపోతుంది. మండపం దగ్గర తొందరపెట్టి ఉంటే పల్లకీకి ఆ బరువు ఉండేది కాదు. అందుకే వేగం పెంచి చూడొద్దు. ఒకే బిగిన చూడలేకపోతే విశ్రాంతి దగ్గర ఆపి మర్నాడు చూడండి.

కె.వి. రెడ్డిది ఇంకో పద్ధతి. రిహార్సల్స్‌లోనే స్టాప్‌వాచ్ పెట్టి సీను ఎన్ని సెకన్లో లెక్కగట్టి, ఆ తర్వాతే ఫిల్ము ఖర్చుపెట్టేవారు. మాయాబజార్ మూడు గంటలు దాటినా ఎక్కడా బరువనిపించకపోవడానికి అదొక కారణం.

దేవదాసు గురించి ఒక మాట. తాగిన సీన్లకి నాగేశ్వరరావు గారి కళ్లలో అలసట సహజంగా కనపడాలని వాటిని రాత్రుళ్లు తీశారు. మంచి కాపీలో ఆ రెప్పల బరువు కనిపిస్తుంది, మీరు చూసిన కాపీలో పోయింది సరిగ్గా అదే. బి.ఎస్. రంగా కెమెరా పనితనం కోసమైనా ఇంకోసారి చూడాలి.

తర్వాత చూడాల్సినవి. మిస్సమ్మ నచ్చింది కాబట్టి ముందు పెళ్లి చేసి చూడు (1952), ఆ వెంటనే అప్పుచేసి పప్పుకూడు (1959). రెండింటికీ మిస్సమ్మ తీసిన ఎల్.వి. ప్రసాదే దర్శకుడు, నవ్వులో ఎక్కడా వెకిలితనం లేదు. దొంగరాముడు (1955) తప్పకుండా చూడండి, స్క్రీన్‌ప్లే నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే మంచి పాఠం తెలుగులో తక్కువ. ఎస్.వి. రంగారావు కోసం నర్తనశాల (1963). ఆ కీచకుడికి జకార్తా ఆఫ్రో-ఏషియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. కనుబొమ్మ ఎత్తడం, మీసం మీద చెయ్యి వెయ్యడం... ఒక్కో కదలిక మధ్య ఆయన తీసుకునే ఆలస్యం చూడండి. కన్యాశుల్కం (1955) చూసేముందు నాటకం ఒకసారి చదవండి. ముగింపులో తేడాలున్నాయి, అవి నాకు రుచించలేదు కానీ సావిత్రి మధురవాణి కోసం చూడాల్సిందే.

స్టూడియో సెట్లు విసుగనిపిస్తే బయటికొచ్చిన సినిమాలు పట్టుకోండి. మూగమనసులు (1964)లో గోదావరి కూడా ఒక పాత్రే. బాపు మొదటి సినిమా సాక్షి (1967) పల్లెలోనే తీశారు, అక్కడి ఎండ నిజమైన ఎండ. చివరగా మరో చరిత్ర (1978). రంగులు మామూలైపోయాక బాలచందర్ కావాలని నలుపు తెలుపులో తీశారు. విశాఖ సముద్రం, ఆ తెల్లటి నురగ రంగుల్లో ఉంటే అంత కఠినంగా కనపడేది కాదని నా నమ్మకం.

రీలుపెట్టె:

మంచి జాబితా. ఒకటి మాత్రం కలుపుతాను. ఈ సినిమాల్లో అక్కడక్కడా మాట సగంలో తెగి ముందుకి దూకుతుంది, ఎడిటర్ తప్పని చాలామంది రాస్తుంటారు. ఒక రీలు 1,000 అడుగులు, అంటే 11 నిమిషాలు. ప్రొజెక్టర్‌కి ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు ఎక్కువగా చిరిగేవి రీలు మొదలు, చివర. చిరిగిన చోట నాలుగు ఫ్రేములు కోసి అతికిస్తారు, పదిసార్లు అతికితే ఒక వాక్యం పోతుంది. కుడివైపు పై మూలన గుండ్రటి చుక్క మెరిస్తే గడియారం చూడండి. 7 సెకన్ల తర్వాత ఇంకో చుక్క, మరో సెకనులో రీలు మారుతుంది. దూకుడు ఆ చుట్టుపక్కల ఉంటే అరిగిన ప్రింటని అర్థం. ఇంకో కాపీలో ఆ మాట దొరకొచ్చు, వెతకండి.

మచ్చలతో కూడా కాపీ పుట్టుక కొంత తెలుస్తుంది. నల్ల చుక్కలు ఎక్కువుంటే ఆ దుమ్ము ప్రింటు మీదిది. తెల్ల చుక్కలైతే నెగటివ్ మీద దుమ్ముండగా ప్రింటు తీశారన్నమాట. రెండు కాపీలు దొరికితే నేను చుక్కలు లెక్కపెట్టను. నిడివి ఎక్కువున్నది, జుట్టులో పాయలు కనిపించేది తీసుకుంటాను. చుక్కలకి కన్ను పది నిమిషాల్లో అలవాటుపడుతుంది.